చంద్రుడి మీద ఒక గెంతు, పదో తరగతి వర్గ సమీకరణం

1972 ఏప్రిల్‌లో అపోలో 16 వ్యోమగామి జాన్ యంగ్ చంద్రుడి మీద పాతిన అమెరికా జెండా పక్కన నిలబడి, సెల్యూట్ చేస్తూ నిటారుగా పైకి గెంతారు. సహచరుడు చార్లెస్ డ్యూక్ ఆ క్షణాన్ని ఫొటో తీశారు. టీవీ కెమెరా ఆ గెంతు మొత్తాన్ని రికార్డు చేసింది. ఎంత ఎత్తు ఎగిరారో పక్కన స్కేలు పెట్టి కొలిచినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ ఎత్తు తెలుసు: సుమారు 42 సెంటీమీటర్లు. కాళ్లు నేలను వదిలిన క్షణం నుంచి మళ్లీ నేలను తాకేదాకా పట్టిన సమయం 1.45 సెకన్లని వీడియోలో లెక్కపెట్టారు. ఆ ఒక్క అంకె చాలు, మిగతా పని వర్గ ప్రమేయం చేసిపెడుతుంది.

ఎలా చేసిపెడుతుందన్నదే ఇక్కడి విషయం. మన పిల్లలకు ఈ లెక్క ముక్కలు ముక్కలుగా అందుతుంది. పదో తరగతిలో వర్గ సమీకరణాలు, పరావలయం (పారాబోలా) గ్రాఫు వస్తాయి. ఇంటర్ మ్యాథ్స్‌లో గరిష్ఠ, కనిష్ఠ విలువలు వస్తాయి, అక్కడ శిఖరం ఎక్కడుందో చెప్పే 'మైనస్ బీ బై టూ ఏ' నోటికి పట్టేస్తుంది (ఏ వర్గపదం గుణకం, బీ తెలియని రాశి గుణకం, సీ స్థిరపదం). పక్క పీరియడ్‌లో ఫిజిక్స్ లెక్చరర్ ప్రక్షేపకాల, అంటే విసిరిన వస్తువుల, పాఠం చెప్తారు, అక్కడ గరిష్ఠ ఎత్తుకు 'యూ స్క్వేర్ సైన్ స్క్వేర్ తీటా బై టూ జీ' అని ఇంకో సూత్రం. రెండూ ఒకటే మాట చెబుతున్నాయని చాలామందికి ఇంటర్ అయిపోయాక కూడా తెలియదు. ఆ మాట చాలా చిన్నది. వస్తువు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో దిగడానికీ అంతే పడుతుంది, కాబట్టి శిఖరం సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఇది పట్టుబడితే సూత్రం మర్చిపోయినా టెన్షన్ పడక్కర్లేదు.

ముందు అసలు వర్గం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. బంతి ఎత్తులో కాలం ఎందుకు వర్గమై కూర్చుంది? దీనికి జవాబు వెతికినవాడు గెలీలియో. పైనుంచి వదిలిన వస్తువు మరీ వేగంగా పడిపోతుంది, ఆనాటి గడియారాలకు అందదు. అందుకని ఆయన ఆ పతనాన్ని నెమ్మది చేశాడు. సుమారు 12 మూరల పొడవున్న కర్రదూలానికి సన్నటి గాడి తీయించి, అది నున్నగా ఉండేలా లోపల తోలుకాగితం అతికించి, దూలాన్ని ఒకవైపు ఎత్తి, గాడిలో గుండ్రటి కంచు గోళీని దొర్లించాడు. కాలాన్ని నీళ్లతో కొలిచాడు. గోళీ దొర్లుతున్నంతసేపు పెద్ద పాత్ర అడుగున ఉన్న సన్నటి గొట్టం నుంచి కారిన నీటిని పట్టి, త్రాసులో తూచాడు. నీటి బరువే ఆయన సెకన్ల ముల్లు. కాలం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు అయింది. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఈ ప్రయోగాన్ని వివరించాడు, విసిరిన వస్తువు దారి పరావలయమని నిరూపించినది కూడా ఆ పుస్తకంలోనే.

సమాన కాలవ్యవధుల్లో పడే దూరాలు 1, 3, 5, 7 బేసి సంఖ్యల నిష్పత్తిలో ఉంటాయని ఆయన గమనించాడు. భూమి మీద ఊరికే వదిలిన రాయి మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండో సెకనులో 14.7, మూడో సెకనులో 24.5 మీటర్లు పడుతుంది. కూడుకుంటూ పోతే 4.9, 19.6, 44.1. అంటే 4.9ని 1తో, 4తో, 9తో గుణించినట్టు. వర్గం పుట్టింది ఇక్కడే. ఆ 4.9 గురుత్వ త్వరణం 9.8లో సగం.

ఇప్పుడు బంతిని పైకి విసురుదాం. సెకనుకు 14.7 మీటర్ల వేగంతో నిటారుగా విసిరామనుకుంటే (గంటకు 53 కిలోమీటర్లు, గట్టి చెయ్యి ఉన్న ఎవరైనా విసరగలిగేదే), గురుత్వం లేకపోతే క సెకన్లకు బంతి 14.7క మీటర్లు ఎక్కేది. గురుత్వం అదే సమయంలో దాన్ని 4.9క² మీటర్లు కిందికి లాగేస్తుంది. రెండూ కలిపితే:

ఎత్తు = 14.7క − 4.9క²

మన పాత బీజగణితంలో తెలియని రాశిని 'యా' అని రాసేవారు, యావత్తావత్ అనే మాటలో మొదటి అక్షరం. ఇక్కడ కాలానికి 'క' అనుకున్నాం, అంతే తేడా.

బంతి నేల మీద ఎప్పుడుంటుంది? ఎత్తు సున్నా అయినప్పుడు. కుడివైపు నుంచి 'క'ను బయటికి తీస్తే క(14.7 − 4.9క) = 0. కాబట్టి క = 0 లేదా క = 3. మొదటిది విసిరిన క్షణం, రెండోది బంతి తిరిగొచ్చిన క్షణం. శిఖరం ఈ రెంటికీ నడుమ 1.5 సెకన్ల దగ్గర ఉంటుంది. ఆ విలువ సమీకరణంలో వేస్తే 22.05 − 11.025 = 11.025 మీటర్లు. దాదాపు మూడంతస్తుల మేడ ఎత్తు. అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి సున్నాకు సమానం చేసినా ఇదే 1.5 వస్తుంది. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు, కానీ కొబ్బరికాయ కొట్టడానికి సుత్తి తెచ్చుకోవాల్సిన పని లేదు.

పరీక్షల్లో పిల్లలు బోల్తా పడేది దీని తర్వాతి మెట్టు దగ్గర. అదే బంతిని 6 మీటర్ల ఎత్తున్న డాబా మీద నుంచి విసిరితే సమీకరణం 6 + 14.7క − 4.9క² అవుతుంది. బంతి కింద వీధిలో పడేది ఎప్పుడంటే మూలాలు 3.36, −0.36 వస్తాయి. 'కాలం రుణాత్మకం కాదు' అని రెండో మూలాన్ని కొట్టేయమని అందరూ చెబుతారు. నేలను తాకే సమయం అడిగితే ఆ మాట నిజమే. కానీ చాలామంది దాన్ని కొట్టేసి, మిగిలిన 3.36ని సగం చేసి, శిఖరం 1.68 సెకన్ల దగ్గర అని రాసేస్తారు. మార్కు పోయేది అక్కడే. కొట్టేసిన మూలం శిఖరానికి కావాలి. 3.36నీ −0.36నీ కూడి సగం చేస్తే మళ్లీ 1.5 వస్తుంది.

ఆ రుణ మూలానికి అర్థం కూడా ఉంది. డాబా మీద చెయ్యి బంతిని వదలడానికి 0.36 సెకన్ల ముందు, ఇదే బంతిని కింద నేల మీద నుంచి ఎవరో సెకనుకు 18.3 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, అది డాబా అంచుకు వచ్చేసరికి సరిగ్గా 14.7 వేగంతో ఉండేది. అక్కడి నుంచి రెండు బంతులదీ ఒకటే దారి. సమీకరణానికి మన డాబా సంగతి తెలియదు, అది పూర్తి పరావలయాన్ని చూపిస్తుంది. మనం అందులో ఒక ముక్క వాడుకుంటున్నాం, అంతే.

అసలు నేల దాకా వెళ్లనక్కర్లేదు కూడా. ఒకే ఎత్తులో బంతి కనిపించిన రెండు క్షణాలు ఏవైనా సరే, వాటి మధ్య బిందువు దగ్గరే శిఖరం ఉంటుంది. డాబా అంచును బంతి పైకి వెళ్తూ 0 సెకన్ల దగ్గర, కిందికి వస్తూ 3 సెకన్ల దగ్గర దాటుతుంది. సగం మళ్లీ 1.5. స్థిరపదం 6 పరావలయాన్ని పట్టుకుని మొత్తంగా పైకి జరిపింది కానీ పక్కకు జరపలేదు. 'మైనస్ బీ బై టూ ఏ'లో సీ కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇంకో దారి వర్గాన్ని పూర్తి చేయడం. బళ్లో దీన్ని నేర్పినంత పొడిగా ఇంకేదీ నేర్పరేమో. నిజానికి ఈ పాఠంలో అన్నిటికన్నా అందమైన చోటు ఇదే. 14.7క − 4.9క² నుంచి −4.9ని బయటికి తీస్తే లోపల క² − 3క మిగులుతుంది. అది (క − 1.5)² − 2.25తో సమానం. మళ్లీ గుణిస్తే:

ఎత్తు = 11.025 − 4.9(క − 1.5)²

ఇప్పుడు దీన్ని నెమ్మదిగా చదవండి. వర్గం ఎప్పుడూ సున్నాకన్నా తక్కువ కాదు, కాబట్టి 11.025 నుంచి ఎప్పుడూ ఏదో కొంత తీసేస్తూనే ఉంటాం. తీసేది ఏమీ లేని ఒకే ఒక్క క్షణం క = 1.5. గరిష్ఠ ఎత్తు ఇదేనని నిరూపించడానికి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇంకా లోతుగా చూస్తే, శిఖరం నుంచి ఎన్ని సెకన్ల దూరంలో ఉన్నామో దాని వర్గాన్ని 4.9తో గుణించినంత కింద బంతి ఉంది. ఇది గెలీలియో చెప్పిన పతన సూత్రమే! బంతి శిఖరం మీద క్షణకాలం ఆగి, అక్కడి నుంచి ఊరికే వదిలేసిన రాయిలా పడుతోంది. పైకి వెళ్లడం ఆ పతనాన్నే వెనక్కి తిప్పిన వీడియో. పరావలయం రెండు వైపులా ఒకేలా ఉండటానికి కారణం బీజగణితంలో దాగిన రహస్యమేమీ కాదు, గురుత్వం పైకి వెళ్లేటప్పుడూ కిందికి వచ్చేటప్పుడూ ఒకేలా లాగడం.

వర్గాన్ని పూర్తి చేసే పని మనవాళ్లకు కొత్త కాదు. ఇరువైపులా వర్గపద గుణకానికి నాలుగు రెట్లతో గుణించి, తెలియని రాశి గుణకం వర్గాన్ని కలిపి, తర్వాత మూలం తీయమని శ్రీధరాచార్యుడు నియమం పెట్టాడు. భిన్నాలు రాకుండా చేసే తెలివైన ఏర్పాటు అది. ఆయన బీజగణిత గ్రంథం దొరకలేదు, 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు ఉదహరించడం వల్ల ఆ నియమం మనకు మిగిలింది. దేశంలో చాలాచోట్ల వర్గ సమీకరణ సూత్రాన్ని ఇప్పటికీ శ్రీధరాచార్య సూత్రమనే పిలుస్తారు.

తొలి వేగాన్ని అంకెగా కాకుండా అలాగే ఉంచి ఇదే లెక్క చేస్తే, శిఖరానికి పట్టే కాలం = వేగం ÷ గురుత్వ త్వరణం, గరిష్ఠ ఎత్తు = వేగం² ÷ (2 × గురుత్వ త్వరణం) అని వస్తాయి. ఎత్తులో వేగం వర్గమై ఉంది చూడండి. అదే బంతిని రెట్టింపు వేగంతో, 29.4తో, విసిరితే ఎత్తు 22 కాదు, 44.1 మీటర్లు. వేగం పది శాతం పెరిగితే ఎత్తు 21 శాతం పెరుగుతుంది.

ఏటవాలుగా విసిరితే వేగంలో నిటారు భాగాన్ని మాత్రమే ఈ లెక్కలో వేయాలి. ఇంటర్ సూత్రంలోని సైన్ చేసే పని అదొక్కటే. అడ్డం వేగానికి ఎత్తుతో సంబంధం లేదు. 30 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ ఒకే వేగంతో విసిరిన రెండు రాళ్లు ఒకే దూరంలో పడతాయి, కానీ రెండోది మూడు రెట్ల ఎత్తుకు వెళ్లి వస్తుంది. 45 డిగ్రీలకు విసిరితే ఎత్తు, వెళ్లిన దూరంలో సరిగ్గా నాలుగో వంతు.

మళ్లీ జాన్ యంగ్ దగ్గరికి వద్దాం. ఆయన కాళ్లు నేలను వదిలినప్పుడు వేగమెంతో ఎవరికీ తెలియదు. తెలిసింది 1.45 సెకన్లు మాత్రమే. శిఖరం మధ్యలో కాబట్టి అక్కడి నుంచి దిగడానికి 0.725 సెకన్లు. చంద్రుడి గురుత్వ త్వరణం 1.62, అందులో సగం 0.81. 0.725 వర్గాన్ని 0.81తో గుణిస్తే 0.426 మీటర్లు. వేగం కూడా వెనక్కి రాబట్టవచ్చు: 1.62ని 0.725తో గుణిస్తే సెకనుకు 1.17 మీటర్లు. అదే వేగంతో భూమి మీద గెంతితే ఎత్తు 7 సెంటీమీటర్లు. అంటే మెట్టులో సగం కూడా కాదు. ఒళ్లంతా స్పేస్ సూట్, వీపున ఆక్సిజన్ మూట ఉన్న మనిషికి అది తక్కువేమీ కాదు. ఈ రెండు ఎత్తులకూ మధ్య మారింది ఒక్క 'ఏ' మాత్రమే, అంటే వర్గపదం గుణకం. చంద్రుడి మీద అది భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతు, అందుకే అక్కడి పరావలయం ఆరు రెట్లు ఎత్తుగా నిలబడింది. గాలి లేదు కాబట్టి ఆ పరావలయం పుస్తకంలో గీసినంత శుద్ధంగా ఉంటుంది.

కాలం నుంచి ఎత్తు రాబట్టే ఈ సూత్రాన్ని ఒక్క ముక్కలో రాయవచ్చు: గురుత్వ త్వరణాన్ని మొత్తం కాలం వర్గంతో గుణించి 8తో భాగిస్తే గరిష్ఠ ఎత్తు. పాఠ్యపుస్తకాలు వేగంతో మొదలుపెడతాయి. కానీ మామూలు మనిషి కొలవగలిగింది వేగం కాదు, కాలం. కాబట్టి ఈ సూత్రానికి ఇప్పుడున్నదానికన్నా పెద్ద పీట వేయాలి.

ఇదే లెక్క ఒక తెలుగమ్మాయి ప్రయాణానికీ సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల 2021 జులై 11న, అంతరిక్ష యాత్రల సంస్థ వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీ నౌకలో న్యూ మెక్సికో మీదుగా దాదాపు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లివచ్చారు. ఆ నౌకను పెద్ద విమానం పైకి మోసుకెళ్లి వదిలింది. తర్వాత రాకెట్ ఇంజిన్ సుమారు ఒక నిమిషం మండి, ధ్వనికి మూడు రెట్ల వేగం అందుకుంది. ఇంజిన్ ఆగిన క్షణం నుంచి ఆ నౌక విసిరిన రాయితో సమానం. వేగాన్ని సెకనుకు సుమారు 900 మీటర్లని, అదంతా నిటారుగానే ఉందని అనుకుంటే, 900 వర్గాన్ని 19.6తో భాగిస్తే సుమారు 41 కిలోమీటర్లు. అంటే 86లో దాదాపు సగం ఎత్తు, ఇంజిన్ ఆగిపోయాక ఊరికే ఎక్కిందే. శిఖరానికి 900 ÷ 9.8, సుమారు 92 సెకన్లు, దిగేటప్పుడు మళ్లీ అంతే, కలిపి మూడు నిమిషాలు. ఇది ముతక అంచనా. అయినా లోపల ఉన్నవాళ్లు కొన్ని నిమిషాలు బరువు లేకుండా తేలిన సంగతితో చక్కగా పొసుగుతుంది.

వాళ్లు తేలింది పైన గురుత్వం లేక కాదు. 86 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వం తగ్గేది సుమారు 2.6 శాతమే. నౌక, మనుషులు, లోపలి వస్తువులు అన్నీ ఒకే పరావలయంలో కలిసి కదులుతున్నాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి ఆనవు, బరువు తెలియదు. అది శిఖరం దగ్గర మాత్రమే కాదు, ఇంజిన్ ఆగిన దగ్గర్నుంచి, ఎక్కుతున్నప్పుడు కూడా ఉంటుంది. శిఖరం దగ్గర వేగం సున్నా కాబట్టి త్వరణం కూడా సున్నా అనుకోవడం చాలా పాత పొరపాటు. సమీకరణం చూస్తే అది ఇట్టే పోతుంది: వర్గపదం గుణకం ఏ క్షణంలోనూ మారలేదు. శిఖరం దగ్గర త్వరణం నిజంగా సున్నా అయితే బంతి అక్కడే వేలాడుతూ ఉండిపోవాలి.

గాలి ఉన్నచోట ఏమవుతుంది? నిజాయితీగా చెప్పాలంటే అక్కడ పరావలయం చెడుతుంది. పైకి వెళ్లేటప్పుడు గాలి, గురుత్వం రెండూ కిందికే లాగుతాయి. దిగేటప్పుడు గాలి అడ్డుపడి పతనాన్ని నెమ్మది చేస్తుంది. కాబట్టి ఎక్కడం త్వరగా అయిపోతుంది, దిగడం ఆలస్యమవుతుంది, శిఖరం మధ్యకన్నా కాస్త ముందే వచ్చేస్తుంది. సిక్స్ కొట్టిన బంతి చివర్లో ఏటవాలుగా కాకుండా నిటారుగా జారినట్టు కనిపించేది ఇందుకే.

వేగం నుంచి ఎత్తు కట్టే సూత్రం ఇక్కడ తప్పకుండా ఎక్కువ చూపిస్తుంది, గాలి తిన్న వాటాను అది లెక్కించదు కాబట్టి. కాలం నుంచి కట్టే సూత్రం మాత్రం ఆశ్చర్యంగా గట్టిగా నిలబడుతుంది. గాలి నిరోధం స్వల్పంగా ఉన్నంతవరకు, ఎక్కేటప్పుడు తగ్గిన సమయం, దిగేటప్పుడు పెరిగిన సమయం దాదాపుగా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తం కాలం ఆ ఎత్తుకు గాలి లేకుండా పట్టాల్సినంతే ఇంచుమించుగా ఉంటుంది. క్రికెట్ బంతికి పని చేస్తుంది. ఈకకో, ప్లాస్టిక్ బంతికో, షటిల్ కాక్‌కో పని చేయదు, వాటికి గాలి నిరోధం స్వల్పం కాదు.

చేసి చూడాలంటే చేతి గడియారం కన్నా ఫోన్ వీడియో నయం. స్టాప్‌వాచ్ నొక్కే వేలు 0.2 సెకన్లు తడబడితే, మూడు సెకన్ల విసురులో ఎత్తు ఒకటిన్నర మీటర్లు తప్పుతుంది, కాలం వర్గమవుతుంది కాబట్టి ఆ తప్పు కూడా పెరుగుతుంది. ఫోన్ కెమెరా మామూలుగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఖాళీ మైదానంలో ఒకరు బంతిని నిటారుగా విసరాలి, ఇంకొకరు దూరంగా నిలబడి చెయ్యి, బంతి రెండూ కనిపించేలా వీడియో తీయాలి. బంతి చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ అదే ఎత్తుకు దిగిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 90 ఫ్రేములు వస్తే 3 సెకన్లు. ఒక ఫ్రేము తప్పు లెక్కపెట్టినా ఎత్తులో తేడా 25 సెంటీమీటర్లే. ఆ తర్వాత వీడియోను వెనక్కి జరిపి 45వ ఫ్రేము దగ్గర ఆపి చూడండి. బంతి అక్కడ, గాల్లో, దాదాపు కదలకుండా ఉంటుంది.